ఊరికే వచ్చే మేత ఊరికే రాదు

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే రోడ్డు మీద హోటలు నడిపే ఆయన మీతో ఇలా అన్నాడనుకోండి: "డబ్బులేం వద్దండీ, రోజూ వచ్చి డ్రమ్ములు ఖాళీ చేసుకెళ్తే చాలు." వెంటనే మీ బుర్రలో లెక్కలు మొదలవుతాయి. ఇక దాణా బస్తా కొనక్కర్లేదు. ఇరవై పందులు నలభై అవుతాయి. ఏడాది తిరిగేసరికి షెడ్డు అప్పు తీరిపోతుంది. అంతేనా?

ఆలోచన తప్పు కాదు. పందుల పెంపకంలో పెట్టే ప్రతి వంద రూపాయల్లో అరవై అయిదు నుంచి డెబ్బై అయిదు దాకా మేతకే పోతాయి. మిగిలిన చోట్ల ఎంత పొదుపు చేసినా చిల్లరే మిగులుతుంది. మేత దగ్గర చేసిన పొదుపే నిజమైన పొదుపు. ఈ దారిలో దిగినవాళ్లు దెబ్బతినేది వేరేచోట. హోటలు తిండి దొరికింది కదా అని దాణా పూర్తిగా మానేస్తారు. ఆరు నెలలు గడిచాక చూస్తే పందికి పొట్ట వచ్చి ఉంటుంది, వీపు మాత్రం సన్నగా ఉంటుంది. వ్యాపారి వచ్చి చూసి, పెదవి విరిచి వెళ్లిపోతాడు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మిగులు తిండిని దాణాలో సగం దాకా వాడండి. మిగతా సగం మీ ఊళ్లో దొరికే తవుడు, నూకలు, చెక్కలతో మీరే కలుపుకోండి. ఆ రెండింటి మధ్యా ఒక పొయ్యి, ఒక నోట్‌బుక్కు తప్పనిసరిగా ఉండాలి.

ముందు మీ చుట్టూ ఏముందో చూడండి

ఉదాహరణకు మీది బాహూరు వైపు అనుకుందాం. ఆ ఊరిని పుదుచ్చేరి ధాన్యాగారం అంటారు. ఊసుడు చెరువు తర్వాత ఆ ప్రాంతంలో పెద్ద చెరువు బాహూరుదే. దాని కింద వరి పండుతుంది. వరి ఉన్నచోట రైసుమిల్లు ఉంటుంది. మిల్లు ఉంటే తవుడు, నూకలు, ఊక ఉంటాయి. ఈ మూడూ మీకు పనికొచ్చేవే. తవుడు, నూకలు పందికి, ఊక పొయ్యికి. చాలామంది ఊక సంగతి మర్చిపోయి కట్టెలు కొంటారు.

చుట్టుపక్కల చెరకు, అరటి, వేరుశనగ కూడా ఉన్నాయి. తూర్పుకు వెళ్తే సముద్రం, మత్స్యకార పల్లెలు. కిరుమాంబాక్కం, పిళ్ళైయార్‌కుప్పంలో మెడికల్ కాలేజీలు ఉన్నాయి కనుక హాస్టల్ మెస్‌లూ ఉన్నాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. మెస్‌లో మిగిలింది తీసుకోండి. ఆసుపత్రి వార్డుల్లో రోగులు వదిలేసింది ఎవరు ఇచ్చినా వద్దనండి. అందులో దూది వస్తుంది, సూది వస్తుంది, ఇంకేం వస్తుందో చెప్పలేం.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పెద్ద హోటళ్ల మీద, హాస్టళ్ల మీద తడి చెత్త, పొడి చెత్త వేరుచేసే బాధ్యత పెట్టాయి. అంటే మీరు అక్కడికి అడుక్కోవడానికి వెళ్లడం లేదు, వాళ్లకున్న తలనొప్పి ఒకటి తీర్చడానికి వెళ్తున్నారు. కనుక మీ షరతులు మీరు పెట్టవచ్చు. ఏం షరతులు? ప్లాస్టిక్కు, టూత్‌పిక్కులు, రబ్బరు బ్యాండ్లు కలపకూడదు. టీ పొడి, గుడ్డు పెంకులు, నిమ్మ తొక్కలు వేరే డబ్బాలో వేయాలి. పంది మాంసం ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. ఈ చివరి షరతు ఎందుకో కాసేపట్లో చెప్తాను.

లెక్క వేయకుండా ఆటో ఎక్కకండి

ఉదాహరణకు మీ దగ్గర ఇరవై పందులున్నాయి, ఒక్కోటి 45 కిలోలు. ఒక్కోదానికి రోజుకు రెండు కిలోల దాణా కావాలి. దాణా కిలో 30 రూపాయలనుకుందాం. రోజుకు 1,200 రూపాయలు.

ఇప్పుడు హోటలు తిండి సంగతి. సాంబారన్నం, రసం, పెరుగన్నం, కూరలు కలిసిన ఆ డ్రమ్ములో వందకు 75 నుంచి 80 పాళ్లు నీళ్లే. ఒక కిలో దాణాకు సరితూగాలంటే నాలుగైదు కిలోల హోటలు తిండి కావాలి. మొత్తం దాని మీదే పెంచాలంటే ఒక్కో పందికి ఎనిమిది కిలోలకు పైగా పోయాలి. అంత తడిసరుకు తిన్నా దానికి అందేది ఎక్కువగా పిండిపదార్థమే. కండ పెరగడానికి కావలసిన మాంసకృత్తులు మన హోటలు అన్నంలో ఎక్కడున్నాయి?

అందుకే సగం. పందికి నాలుగు కిలోల చొప్పున ఇరవైకి 80 కిలోలు. దీనివల్ల దాణా ఖర్చులో రోజుకు 600 మిగిలింది. అందులోంచి ఆటో ఖర్చు 200, పొయ్యికి 120, ఏరి ఉడకబెట్టే మనిషి కూలి 100 తీసేయండి. చేతికి మిగిలేది 180. నెలకు 5,400. చిన్న మొత్తమేమీ కాదు. అయితే అదే హోటలు ఇంకో పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటే? ఆటో ఖర్చే దాన్ని మింగేస్తుంది. రేట్లు మీ ఊరివి వేసుకోండి, లెక్క మాత్రం ఇదే పద్ధతిలో వేయండి. రోజూ వెళ్లి రాదగ్గ దూరంలో రెండు చోట్లు ఉంటే చాలు. దూరాన ఉన్న అయిదు చోట్ల కంటే అది మేలు.

పొయ్యి దగ్గర రాజీ లేదు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఈ అధ్యాయం మొత్తంలో మీ షెడ్డును నిలబెట్టేదీ, పడగొట్టేదీ ఈ భాగమే.

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే జబ్బు మన దేశంలో తొలిసారి 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. 2022 జూలైలో కేరళలోని వయనాడుకు వచ్చింది. మనుషులకు అంటదు గానీ, పందికి సోకితే దాదాపు బతకదు. మందు లేదు. మన దగ్గర వాడుకలో టీకా కూడా లేదు. ఒక షెడ్డులో తేలిందంటే ఆ చుట్టుపక్కల పందులన్నింటినీ చంపి పూడ్చేస్తారు. ఈ వైరస్ పంది మాంసంలో, సాసేజీల్లో, ఫ్రీజరులో పెట్టిన ముక్కల్లో నెలల తరబడి బతికి ఉంటుంది. ఎవరో తిని వదిలేసిన ముక్క డ్రమ్ములో పడి, ఉడకకుండా మీ పంది నోట్లోకి వెళ్తే, ఆ ఒక్క ముక్క చాలు.

ఇది ఒక్క జబ్బు కథే కాదు. 2001లో బ్రిటన్‌ను అతలాకుతలం చేసిన గాలికుంటు వ్యాధికి మూలం ఒక పందుల ఫారంలో సరిగా ఉడకబెట్టకుండా వేసిన మిగులు తిండే అని దర్యాప్తులో తేలింది. అరవై లక్షలకు పైగా పశువుల్ని చంపాల్సి వచ్చింది. ఆ ఏడాదే అక్కడ పందులకు మిగులు తిండి పెట్టడాన్ని నిషేధించారు. జపాన్ వేరే దారి పట్టింది. మిగులు తిండిని సరిగ్గా శుద్ధిచేసి దాణాగా మార్చే పద్ధతికి చట్టంతో ఊతమిచ్చింది. నా మట్టుకు నాకు జపాన్ దారే నచ్చుతుంది. కానీ ఆ దారిలో నడవాలంటే పొయ్యి విషయంలో బద్ధకించే హక్కు మనకు ఉండదు.

ఎలా ఉడకబెట్టాలి?

1. 200 లీటర్ల ఇనుప డ్రమ్మును అడ్డంగా కోసి రెండు గోలేలు చేయించండి. లోతు తక్కువ, మూతి వెడల్పు. కలపడానికి వీలుగా ఉంటుంది.

2. ముందు ఏరండి. చేతికి మందపాటి గ్లౌజులు వేసుకోండి. పెళ్లి భోజనాల తిండిలో అరటాకుల కింద ప్లాస్టిక్ కప్పులు, సీసా మూతలు, దండల దారాలు దాక్కుంటాయి. దారం చూడ్డానికి ఏమీ అనిపించదు. పేగుల్లో చుట్టుకుంటే పంది మేత మానేస్తుంది.

3. పెద్ద ముక్కల్ని చితక్కొట్టండి. ఎముక చుట్టూ ఉన్న మాంసం లోపలి దాకా వేడెక్కడానికి సమయం పడుతుంది.

4. తెర్లడం మొదలైన దగ్గర్నుంచి గడియారం చూడండి. పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి కాదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కల్లో ఒకటి, 90 డిగ్రీల వేడిలో గంటసేపు, కలుపుతూనే ఉండాలి. కలపకపోతే అడుగు మాడుతుంది, మధ్యలో చిక్కటి అన్నం పచ్చిగానే ఉండిపోతుంది.

5. పచ్చి సరుకు బకెట్టు వేరు, ఉడికిన దాని బకెట్టు వేరు. ఒకదానికి ఎర్ర రంగు వేయండి, ఇంకోదానికి ఆకుపచ్చ. గంటసేపు ఉడకబెట్టి, పచ్చి డ్రమ్ములో ముంచిన గరిటెతోనే వడ్డిస్తే ఏం లాభం? నేను చూసిన పొరపాట్లలో ఎక్కువగా జరిగేది ఇదే. పనిమనిషికి ఒకసారి చెప్తే చాలదు. రంగు వేస్తే రోజూ అదే చెప్తుంది.

6. ఆ రోజు తెచ్చింది ఆ రోజే. మిగిలింది రేపటికని ఉంచకండి. డ్రమ్ములు తెచ్చిన ఆటోను షెడ్డు గుమ్మం దాకా రానివ్వకండి. బయటే దింపించి, చక్రాలు కడిగించండి.

మిగతా సగం: మీ చేతి దాణా

ముప్పై నుంచి అరవై కిలోల మధ్య ఉన్న పందులకు, హోటలు తిండితో పాటు పెట్టడానికి ఒక పాళం చెప్తాను. వంద కిలోలకు నూకలు 40, తవుడు 35, వేరుశనగ చెక్క 18, ఎండు చేపల పొడి 5, ఖనిజ లవణాల మిశ్రమం 2. ఇందులో వందకు 17 పాళ్ల దాకా మాంసకృత్తులుంటాయి. విడిగా ఉప్పు కలపలేదు, గమనించారా? సాంబారులో, పచ్చళ్లలో, అప్పడాల్లో, ఎండు చేపల్లో ఉప్పు కావలసినంత ఉంది. రోజుకు ఒక్కో పందికి ఈ దాణా ఒక కిలో, ఉడికిన తిండి నాలుగు కిలోలు.

తవుడు కొనేటప్పుడు గుప్పెడు తీసి గ్లాసు నీళ్లలో వేయండి. పైకి బాగా పొట్టు తేలితే ఊక పొడి కలిపారన్నమాట. తవుడు ధరకు ఊక కొంటున్నారు మీరు. పచ్చి తవుడులో నూనె ఎక్కువ కనుక రెండు మూడు వారాలు దాటితే ముక్క వాసన వస్తుంది, పంది మూతి తిప్పుకుంటుంది. కోతల తర్వాత మిల్లులు జోరుగా ఆడేటప్పుడు చౌక కదా అని పచ్చి తవుడు మూడు నెలలకు కొని పెట్టుకోకండి. నిల్వ చేయాలంటే నూనె తీసిన తవుడు కొనండి.

వేరుశనగ చెక్కకు బూజు పట్టిందా? ఎండబెడితే పోతుందనుకోకండి. బూజు కనబడకుండా పోతుంది, అది వదిలిన విషం ఉంటుంది. అఫ్లటాక్సిన్ అంటారు దాన్ని, లివరును తినేస్తుంది. అలాంటి చెక్క పారేయడమే. చెక్క ఒక్కదాని మీదే ఆధారపడటం కూడా మంచిది కాదు. అందులో లైసిన్ తక్కువ. ఆ లోటు చేపల పొడో, సోయా చెక్కో తీర్చాలి. పత్తి చెక్క ఎంత చౌకైనా పందికి వద్దు. అందులోని గాసిపోల్ పశువు ఓర్చుకున్నట్టు పంది ఓర్చుకోలేదు.

కర్రపెండలం దొరికితే మంచి సరుకే. కాకినాడ జిల్లాలో పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లుల నుంచి వచ్చే పిప్పి, ఇటు సేలం వైపు మిల్లుల పిప్పి, రెండూ ఒకటే. శక్తి ఉంది, మాంసకృత్తులు లేవు. పచ్చి దుంప మాత్రం పెట్టకండి, సయనైడు ఉంటుంది. ముక్కలు కోసి బాగా ఎండబెట్టాలి, లేదా ఉడకబెట్టాలి. చేమాకు, చేమదుంప ఉడకబెట్టనిదే వేస్తే గొంతు దురద. తూటికూర, చిలగడదుంప తీగలు, మునగాకు పచ్చివే కోసి వేయొచ్చు. బీరు ఫ్యాక్టరీ గింజల పిప్పి దగ్గర్లో దొరికితే వదలకండి. దాని పొడి బరువులో వందకు 20 నుంచి 25 పాళ్లు మాంసకృత్తులుంటాయి. మన ఎండకు రెండు రోజుల్లో పులిసిపోతుంది కాబట్టి, వాడగలిగినంతే తెచ్చుకోండి.

అజొల్లా గురించి అడుగుతారని తెలుసు. ప్రతి శిక్షణ శిబిరంలోనూ ఒక అజొల్లా తొట్టి చూపిస్తారు. పచ్చి అజొల్లా కిలోలో పొడి పదార్థం 60 గ్రాములు ఉంటే గొప్ప. ఆకుకూరలా పైపైన వేయండి, మంచిదే. దాంతో దాణా ఖర్చు సగం తగ్గుతుందని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి.

ఎవరికి పెట్టకూడదు?

తల్లిపాలు తాగే పిల్లలకు, కొత్తగా పాలు మాన్పించిన పిల్లలకు హోటలు తిండి వద్దు. దాదాపు 20 కిలోలు వచ్చేదాకా మంచి దాణా మీదే ఉంచండి. ఆ వయసులో దాణా దగ్గర మిగిల్చిన వంద రూపాయలు పారుడు రోగం మందులకు పోతాయి. తర్వాత కూడా వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి. మొదటి రోజు అరకిలో, మూడో రోజు కిలో, అలా.

జాతి కూడా చూసుకోవాలి. ఆంధ్రలో ఎరుకల కుటుంబాలు తరతరాలుగా పెంచుతున్న నల్ల నాటుపంది దొరికిందేదో తిని తట్టుకుంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది. మీరు కొన్న తెల్ల యార్క్‌షైర్‌కు ఆ ఓర్పు లేదు, సరైన తిండి పెడితే వేగం ఉంది. తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలోనూ, చెన్నై దగ్గర కాట్టుపాక్కంలోనూ నాటు, యార్క్‌షైర్ రక్తాలు కలిపి సంకర జాతులు తయారుచేశారు. మిగులు తిండి మీద పెంచాలనుకునేవారికి అలాంటి సంకరమే అనువైనదని నా అభిప్రాయం.

ఇలా జరిగితే ఏం చేస్తారు?

పొద్దున్నే వచ్చి చూస్తే ఒక పంది గోడకు తల ఆనించి నిలబడింది. ఇంకొకటి గుండ్రంగా తిరుగుతోంది, పిలిస్తే చూడటం లేదు. రాత్రి నీళ్ల కుళాయి ఆగిపోయింది. నిన్న సాయంత్రం పెట్టిన తిండిలో పచ్చళ్లు, అప్పడాలు ఎక్కువ. ఇది చాలావరకు ఉప్పు విషం. కంగారుపడి తొట్టి నిండా నీళ్లు పోయకండి, ఒక్కసారిగా తాగితే మెదడు వాచి చచ్చిపోతుంది. కొంచెం కొంచెంగా, కాసేపటికోసారి పట్టండి. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. కురుంబపేటలో రాజీవ్ గాంధీ పశువైద్య విద్య, పరిశోధన సంస్థ ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం కూడా అక్కడే ఉంది. జబ్బు చేసినప్పుడే కాదు, షెడ్డు కట్టకముందే ఒకసారి వెళ్లి మాట్లాడండి.

ఇంకొకటి. వరుసగా రెండు మూడు పందులకు తీవ్రమైన జ్వరం, చెవులు, పొట్ట ఎర్రగా కందిపోవడం, మేత మానేయడం. అప్పుడు "నష్టం రాకముందే అమ్మేద్దాం" అనిపిస్తుంది. అమ్మకండి. పంది బయటికి, మనిషి లోపలికి రాకుండా ఆపి, పశుసంవర్ధక శాఖకు కబురు చేయండి. మీరు అమ్మిన పంది ఇంకో పదిమంది షెడ్లు ఖాళీ చేయించవచ్చు.

బాహూరు లాంటి చోట దోమల మాట కూడా ఎత్తాలి. జపనీస్ మెదడువాపు మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, వెల్లూరులో. వరిమడుల్లో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. కొంగల నుంచి పందికి, పందిలో పెరిగి దోమ ద్వారా మనిషికి వస్తుంది. చెరువు, వరిమడి, కొంగలు, పందులు, ఇళ్లు అన్నీ ఒక్కచోట చేరితే ఊరివాళ్లు మీ మీద కోప్పడటంలో న్యాయం ఉంది. షెడ్డు ఇళ్లకు దూరంగా కట్టండి. దోమతెర వేయండి. కడిగిన నీళ్లు నిలవనివ్వకండి.

సరఫరా ఆగిన నెలలు

తమిళనాట ఆడి మాసంలో, మార్గళిలో పెళ్లిళ్లు ఉండవు. కల్యాణ మండపాల తాళాలు తీయరు. మీ డ్రమ్ములు సగానికి పడిపోతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి హోటళ్లన్నీ మూసేసినప్పుడు మిగులు తిండి మీదే బతికిన షెడ్లకు ఏం గతి పట్టిందో ఊహించుకోండి. అందుకే రెండు పనులు చేయండి. మెస్, హోటలు, మండపం, ఇలా వేర్వేరు రకాల చోట్ల మాట్లాడి పెట్టుకోండి. ఇరవై రోజులకు సరిపడా పొడి దాణా సరుకు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. సరఫరా తగ్గే నెలకు అమ్మకం పడేలా పిల్లల్ని తెచ్చుకోగలిగితే ఇంకా మేలు.

కాటా లేకుండా బరువు

పదిహేను రోజులకోసారి అయిదారు పందుల్ని కొలవండి. బట్టల టేపు చాలు. ముందు కాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను చుట్టుకొలతతో, దాన్ని పొడవుతో గుణించి 14,430తో భాగించండి. చుట్టుకొలత 95, పొడవు 95 అయితే దాదాపు 59 కిలోలు. ఉదయం మేతకు ముందే కొలవండి. పదిహేను రోజుల్లో ఆరు కిలోలైనా పెరగకపోతే హోటలు తిండి తగ్గించి దాణా పెంచండి. అయినా పెరగలేదంటే నట్టల మందు వేసి ఎన్నాళ్లైందో చూసుకోండి.

అమ్మకానికి నెల ముందు చేపలు పూర్తిగా మానేయండి, మాంసానికి వాసన పట్టేస్తుంది. నూనె తేలే కూరలు, వేపుళ్లు కూడా తగ్గించండి, లేకపోతే కొవ్వు మెత్తబడి కసాయి ధర తగ్గిస్తాడు. ఆ నెలంతా నూకలు, నూనె తీసిన తవుడు ఎక్కువగా పెట్టండి. వ్యాపారి వచ్చి, చూపుతోనే "డెబ్బై ఉంటుందిలెండి" అంటాడు. మీ నోట్‌బుక్కులో ఎనభై రెండు అని ఉంటే, కాటా వేయమనండి.